రాగి, గడ్డి ట్రే, ఒక రూళ్ళ నోటుపుస్తకం: కుక్కపిల్లకు దొడ్డి అలవాటు నేర్పిన ఏడు నెలల ప్రాజెక్టు డైరీ

2024 జూన్ 9, ఆదివారం

మా అపార్ట్‌మెంటు పక్క ఖాళీ స్థలంలో ఈనిన ఊరకుక్క లారీ కింద పడి చనిపోయిందనీ, దాని పిల్లల్లో మిగిలిన ఒక్కదానిని మా అబ్బాయి మెట్ల కింద అట్టపెట్టెలో దాచి పాలు పోస్తున్నాడనీ మాకు నాలుగు రోజులు ఆలస్యంగా తెలిసింది. ఈ రోజు దానిని రెండో అంతస్తులోని మా ఇంటికి తెచ్చుకున్నాము. వెటర్నరీ డాక్టరుగారు పళ్ళు చూసి తొమ్మిది వారాల వయసు ఉండవచ్చని చెప్పారు. తోమిన రాగి చెంబు రంగులో ఉన్నాడు కాబట్టి రాగి అని పేరు పెట్టాము.

మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో రెండు పడకగదుల ఇల్లు. నేను, మా వారు, పదకొండేళ్ళ మా అబ్బాయి, మా అత్తయ్య ఉంటాము. అత్తయ్య రెండు షరతులు పెట్టారు. "ఉండనియ్యమ్మా, మూగజీవం. కానీ దేవుడి గది గడప తొక్కకూడదు, నా పక్క తడపకూడదు" అన్నారు. రాత్రి పదిలోపే ఆవిడ బొంత తడిసింది. పడుకునే లోపల వీధి గుమ్మం దగ్గరి కాలిపట్ట మీద రెండుసార్లు, సోఫా కింద ఒకసారి, వంటింటి గట్టు పక్కన ఒకసారి తుడిచాము.

లెక్కలు రాయడం నా ఉద్యోగం. ఏదైనా అదుపు తప్పినప్పుడు ముందు దానిని కాగితం మీద పెట్టడం తప్ప నాకు మరో దారి తెలియదు. అందుకని అబ్బాయి మిగిల్చిన రూళ్ళ నోటుపుస్తకంలో నాలుగు గడులు గీశాను: వేళ, చోటు, ఒంటికా రెంటికా, అంతకు ముందు వాడు చేస్తున్న పని.

జూన్ 12, బుధవారం

ఈ మూడు రోజులూ మేము చేసినవి దాదాపు అన్నీ పొరపాట్లేనని ఈ రోజు తెలిసింది కాబట్టి వాటిని దాచకుండా రాస్తున్నాను.

మొదటిది, తడి కనిపించిన ప్రతిచోటా ఫినాయిల్ వేసి తుడిచాము. మనకు ఫినాయిల్ వాసన వస్తే చాలు, శుభ్రమైపోయిందనిపిస్తుంది. కుక్క ముక్కుకు ఆ వాసన కింద మూత్రం వాసన అలాగే ఉంటుంది. పలకల సందుల్లో, కాలిపట్ట పీచులో ఇంకిన మూత్రంలో వాసన తెచ్చే పదార్థం నీళ్ళతోనూ ఫినాయిల్‌తోనూ పోదు, గాలిలో తేమ పెరిగినప్పుడల్లా వాసన మళ్ళీ లేస్తుంది. ఆ వాసన ఉన్న చోటే తన దొడ్డి అని పిల్ల అనుకుంటుంది. పైగా ఫినాయిల్ తడి ఆరకముందే దాని మీద నడిచి పాదాలు నాకితే ఒంటికి మంచిది కాదని డాక్టరుగారు హెచ్చరించారు. బ్లీచింగ్ పౌడరు గురించి అడిగాను. మూత్రంలోని అమోనియాతో కలిస్తే ఘాటైన విషవాయువు పుడుతుందని, మూసి ఉన్న గదిలో ఆ పని ఎన్నడూ చేయవద్దని చెప్పారు.

రెండవది తిట్టడం. చుట్టుపక్కల వాళ్ళు ఇచ్చిన సలహా ప్రకారం మా వారు తడి దగ్గరకు రాగి మూతిని తీసుకువెళ్ళి గట్టిగా కసిరారు, చుట్టిన పేపరుతో నేల మీద కొట్టి చప్పుడు చేశారు. దాని ఫలితం నోటుపుస్తకంలో స్పష్టంగా ఉంది. సోమవారం వరకు హాలు మధ్యలో, మా కళ్ళ ముందు పోసుకున్న పిల్ల మంగళవారం నుంచి సోఫా వెనక, మంచం కింద, తలుపు చాటున పోసుకున్నాడు. నేల మీద పోయడం తప్పని వాడికి అర్థం కాలేదు. మనుషుల ఎదుట పోసుకోవడం ప్రమాదమని అర్థమయింది. అలా అర్థమైన కుక్కను బయటకు తీసుకువెళ్ళినా మన పక్కన నిలబడి పోసుకోదు, ఇంటికి తిరిగి వచ్చాక చాటు వెతుక్కుంటుంది.

చెవులు వాల్చి, తోక ముడిచి, పక్కచూపులు చూస్తే "తప్పు చేశానని తెలుసు" అంటాము. అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన ప్రయోగంలో ఆ చూపు కుక్క తప్పు చేసినందువల్ల కాక యజమాని కసిరినందువల్ల వస్తుందని తేలింది. ఏ తప్పూ చేయకపోయినా కసిరితే అదే మొహం పెట్టిన కుక్కలు ఉన్నాయి. ఈ సంగతి రాత్రి భోజనాల దగ్గర చదివి వినిపించాను. మా వారు పేపరు మడిచి అల్మరా మీద పెట్టేశారు. ఆ తరవాత మా ఇంట్లో ఆ పని మళ్ళీ జరగలేదు.

జూన్ 16, ఆదివారం

మొదటి వారం లెక్క తేలింది. ఇంట్లో జరిగినవి మొత్తం 61. అందులో ఒంటికి 46, రెంటికి 15. ఇంతవరకు ఆ సంఖ్య చూస్తే నీరసం వస్తుంది. నాలుగో గడిలో వరసగా చూసుకుంటూ పోయినప్పుడు మాత్రం విషయం వేరుగా కనిపించింది. ఒంటికి వెళ్ళిన 46 సార్లలో 35 సార్లు వాడు నిద్ర లేచిన, తిన్న, లేక ఆడి ఆగిన పదిహేను నిమిషాల లోపలే. రెంటికి వెళ్ళినవి దాదాపు అన్నీ తిన్న అరగంట లోపలే. కడుపులో ఆహారం పడగానే పేగు కదలడం పిల్లలన్నిటికీ ఉన్న ధర్మమే. అంటే ఒంటికి వెళ్ళినవాటిలో నాలుగింట మూడు వంతులు మాకు ముందే తెలియగల వేళల్లో జరిగాయి. మిగిలిన పదకొండు మాత్రమే మేము పట్టుకోలేనివి.

దీనికి తోడు డాక్టరుగారు ఒక కొండగుర్తు చెప్పారు. కుక్కపిల్లకు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే వచ్చేదే పగటిపూట అది ఆపుకోగల గంటల గరిష్ఠం. రెండు నెలల రాగికి మూడు గంటలు. మేము ఉదయం తొమ్మిదికి ఇంటి పనుల్లో పడి పన్నెండున్నరకు వాడి సంగతి గుర్తు తెచ్చుకుంటున్నాము. వాడి చేతిలో లేని దానిని వాడి నుంచి ఆశిస్తున్నామన్న మాట.

కాబట్టి ఇక నుంచి వేళలు ఇవి: లేవగానే, తిన్న పది నిమిషాలకు, ఆట ఆగగానే, ఇవేవీ లేకపోయినా ప్రతి గంటన్నరకు ఒకసారి. రాత్రి పన్నెండుకు మా వారు, తెల్లవారుజామున మూడుకు నేను అలారం పెట్టుకోవాలి. పగలు బాధ్యత అత్తయ్యది. ఆవిడే స్వయంగా అడిగి తీసుకున్నారు.

జూన్ 19, బుధవారం

తీసుకువెళ్ళాలి, కానీ ఎక్కడికి? టీకాలు పూర్తికాని పిల్లను వీధి కుక్కలు తిరిగే నేల మీద దింపితే పార్వో సోకే ప్రమాదం ఉంది. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది, చిన్న పిల్లలకు ప్రాణాంతకం కూడా. అందువల్ల మూడో టీకా పడేవరకు మేడ దిగకుండానే వాడికి ఒక దొడ్డి ఏర్పాటు చేయాలి.

మూత్రాన్ని పీల్చుకునే ప్యాడ్లు కొని చూశాము. మొదటి రోజే చింపి ఆడుకున్నాడు. అంతకంటె ముఖ్యమైన ఇబ్బంది మరొకటి ఉంది. ఈ వయసులో పిల్ల పాదాలకు ఏ స్పర్శ అలవాటైతే పెద్దయ్యాక కూడా దానినే వెతుక్కుంటుంది. మెత్తని గుడ్డలాంటి ప్యాడు మీద అలవాటు చేస్తే ఆ తరవాత కాలిపట్ట, బొంత, దుప్పటి అన్నీ వాడికి ప్యాడ్లే. రేపు బయట మట్టి నేల మీదే పోసుకోవాలి గనుక ఇప్పుడే మట్టి, గడ్డి అలవాటు కావాలి.

మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ప్లాస్టిక్ ట్రే తెచ్చి, అడుగున ఇనుప చువ్వ కాల్చి ఎనిమిది చిల్లులు పెట్టాము. దాని కింద నీళ్ళు పట్టడానికి పలచని రేకు పళ్ళెం ఉంచాము. ట్రేలో రెండంగుళాల మందాన ఇసుక, దాని మీద అంగుళం మట్టి పరిచి, నర్సరీలో చదరాలుగా అమ్మే మెక్సికన్ గడ్డి పేర్చాము. బాల్కనీలో ఎండ తక్కువ పడే మూలన పెట్టాము. మూడు వేళ్ళ ఎత్తు కన్నా ఎక్కువ గట్టు ఉంటే పిల్ల ఎక్కలేడు కాబట్టి ఒక పక్క గట్టును హాక్సా బ్లేడుతో కోసి అంచు గరుకు లేకుండా అరగదీశాము. తుడిచిన మూత్రం గుడ్డను ఒకసారి ఆ గడ్డికి అద్దాము, వాసన ఆనవాలు ఉండాలని.

జూన్ 24, సోమవారం

ఈ రోజు జరిగినది కొంచెం వివరంగా రాయాలి.

ఐదు రోజులుగా రాగిని వేళకు ట్రే మీద నిలబెడుతున్నాము. వాడు గడ్డి పీకడం, చీమలను చూడడం, కొంగు పట్టి లాగడం చేసి, లోపలికి తీసుకురాగానే హాల్లో పోసుకుంటున్నాడు. పుస్తకాలలో ఒక మాట నేర్పమని ఉంటుంది. నేను "వెళ్ళు" అన్నాను, అబ్బాయి "కమాన్" అన్నాడు, మా వారు ఊరుకున్నారు. ఎవరి మాట వారిది అయింది.

ఈ ఉదయం ఆరున్నరకు నేను పాల ప్యాకెట్ విప్పుతుండగా బాల్కనీలో నుంచి సన్నగా "ష్ష్ష్ష్..." అని వినిపించింది. చంటిపిల్లలను కాళ్ళ మీద కూర్చోబెట్టుకుని ఒంటికి పోయించేటప్పుడు మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చేసే చప్పుడు అది. అత్తయ్య ట్రే పక్కన పీట వేసుకుని, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రాగి వైపు చూడకుండా ఎదుటి మేడ వైపు చూస్తూ అదే చప్పుడు చేస్తున్నారు. వాడు రెండు చుట్లు తిరిగి, మూతి నేలకు ఆనించి, వెనక కాళ్ళు కొద్దిగా వంచాడు. అయిపోయేవరకు ఆవిడ ఆ శబ్దం ఆపలేదు. అయిపోగానే కొంగుముడిలో నుంచి ఉడికించిన కోడిగుడ్డు ముక్క తీసి వాడి నోటికి అందించారు. శాకాహారి అయిన ఆవిడ గుడ్డు ముక్క చేత్తో పట్టుకోవడం నేను అంతకు ముందు చూడలేదు.

"మీ ఆయనకి ఇలాగే అలవాటు చేశానమ్మాయ్. వాడు పోసుకునేటప్పుడు చప్పుడు చేస్తే, తరవాత చప్పుడు చేసినప్పుడు పోసుకుంటాడు. అంతే కదా" అన్నారు. శాస్త్రం చెప్పేది కూడా సరిగ్గా అంతే. సంకేతం పని జరిగే క్షణంలో వినిపించాలి, బహుమానం పని ముగిసిన రెండు మూడు సెకన్లలో అందాలి. ఇంట్లోకి వచ్చాక గుడ్డు ముక్క ఇస్తే అది ఇంట్లోకి వచ్చినందుకు ఇచ్చినట్టు అవుతుంది. మేము ఇన్నాళ్ళూ చేసిన పొరపాటు అదే. ఈ రోజు నుంచి ఇంటిల్లిపాదికీ ఒకటే శబ్దం, గుడ్డు ముక్కల డబ్బా బాల్కనీ కిటికీలోనే.

జూన్ 30, ఆదివారం

మూడో వారం లెక్క: ఇంట్లో 24, ట్రేలో 70కి పైన. శుభ్రం చేసే పద్ధతి కూడా కుదిరింది. తడిని రుద్దకుండా పాత పేపరు వేసి కాలితో నొక్కి పీల్చనివ్వాలి, రుద్దితే పక్కకు వ్యాపిస్తుంది. తరవాత మామూలు నీళ్ళతో ఒకసారి తుడిచి, పెంపుడు జంతువుల దుకాణంలో దొరికే ఎంజైమ్ క్లీనరు చల్లి, పదిహేను నిమిషాలు ముట్టుకోకుండా వదిలి, దానంతట అది ఆరనివ్వాలి. ఎంజైములు మూత్రంలో వాసన తెచ్చే పదార్థాన్ని విడగొట్టడానికి ఆ సమయం అవసరం. చల్లిన వెంటనే తుడిచేస్తే డబ్బు దండగ. ఇంతకు ముందు ఫినాయిల్ వాడిన చోట రెండుసార్లు నీళ్ళతో కడిగాకే ఇది చల్లాలి, లేకపోతే ఫినాయిల్ ఎంజైములను పనిచేయనివ్వదు.

అత్తయ్య పక్క మాత్రం ఉతికి ఎండబెట్టినా లాభం లేకపోయింది. బొంతలోని దూది మూత్రాన్ని వదలదు. కొత్త బొంత కుట్టించి, పాతదానిని ఇంట్లో లేకుండా చేశాము.

జూలై 14, ఆదివారం

తెల్లవారుజాము మూడు గంటల వేళ రెంటికి వెళ్ళడం తగ్గకపోవడానికి కారణం దొరికింది. రాత్రి తొమ్మిదిన్నరకు అత్తయ్య తమ పెరుగన్నంలో నుంచి నాలుగు ముద్దలు పెడుతున్నారు. ఆ మాట నోటుపుస్తకంలో లేదు, అబ్బాయి చెప్పాడు. ఆఖరి తిండి ఏడు గంటలకు అని నిర్ణయించాము. పెరుగన్నం మాన్పించలేదు, వేళ మాత్రం మార్చాము. నీళ్ళు మాత్రం ఏ వేళలోనూ తీసేయలేదు. బెజవాడ ఉక్కలో కుక్కపిల్లకు నీళ్ళు ఆపడం పాపం, ప్రమాదం కూడా.

మా వారు రాత్రి ఎనిమిదికి ఇంటికి రాగానే రాగి ఆనందంతో గిరగిరా తిరిగి ఆయన పాదాల మీదే పోస్తున్నాడు. ఇది అలవాటు లోపం కాదు, సంతోషం పట్టలేని పిల్లల్లో కండరం వదిలేయడం. కసిరితే ఎక్కువవుతుంది. ఆయన లోపలికి వచ్చి, మాట్లాడకుండా చెప్పులు విడిచి, మొహం కడుక్కుని, వాడు నెమ్మదించాక పక్కకు తిరిగి గొంతుక్కూర్చుని చెయ్యి చాపాలని నియమం పెట్టుకున్నాము. రెండు వారాల్లో ఆరు నుంచి ఒకటికి తగ్గింది.

జూలై 28, ఆదివారం

ఇప్పుడు సమస్య పళ్ళు. కుక్కపిల్లకు పాలపళ్ళు 28, అవి ఊడి 42 పళ్ళు రావాలి. మూడు నుంచి ఆరేడు నెలల వయసు దాకా చిగుళ్ళు సలుపుతూనే ఉంటాయి. రాగి ఈ వారం మూడు చెప్పులు, దివాన్ కోడు, చార్జరు తీగ (ప్లగ్గు తీసి ఉండబట్టి బతికాడు), అబ్బాయి సాంఘిక శాస్త్రం నోట్సు కొరికాడు. నిన్న ఊడ్చేటప్పుడు చీపురు పుల్లల మధ్య బియ్యపు గింజంత తెల్లటి పాలపన్ను ఒకటి దొరికింది. అబ్బాయి దానిని అగ్గిపెట్టెలో దాచాడు.

చెప్పుల కోసం గుమ్మం పక్కన తలుపున్న అరమర పెట్టించాము, తీగలను పాత తోట గొట్టం ముక్కల్లో దూర్చాము. అందకుండా చేయడమే సగం శిక్షణ. మిగతా సగం, కొరకదగినది చేతికి ఇవ్వడం. పాత తువ్వాలును తడిపి, మెలిపెట్టి, ఫ్రీజర్లో గట్టిపడనిచ్చి ఇస్తున్నాము, చిగుళ్ళకు హాయిగా ఉంటుంది. వండిన ఎముకలు ఇవ్వకూడదు, అవి సూదుల్లా చీలి పేగులో గుచ్చుకుంటాయి. ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకు విషం కాబట్టి వంటింటి చెత్తబుట్టకు మూత బిగించాము. పండగ ప్రసాదాల్లో కిస్‌మిస్ ఉంటుందని అత్తయ్యకు మళ్ళీ గుర్తు చేయాలి.

నోట్లో ఏదైనా ఉంటే వెంటపడడం మానేశాము. వెంటపడితే అది ఆట. "ఇచ్చెయ్" అని గుడ్డు ముక్క చూపిస్తే వదులుతాడు. వదిలాక కొన్నిసార్లు ఆ వస్తువునే తిరిగి వాడికి ఇస్తున్నాము, వదలడం వల్ల నష్టం లేదని తెలియడానికి.

ఆగస్టు 11, ఆదివారం

మూడో టీకా, రేబీస్ టీకా పడి రెండు వారాలు దాటింది. కిందికి దింపడం మొదలుపెట్టాము. ట్రేలో తడిసిన మట్టి గుప్పెడు తీసి కింద వేపచెట్టు మొదట్లో చల్లి, వాడిని అక్కడ నిలబెట్టి అత్తయ్య శబ్దమే చేశాను. రెండో రోజుకే అర్థమయింది. పోసుకోగానే వెనక్కి తీసుకురాకుండా ఇంకో పది నిమిషాలు తిప్పాలి. పని అవగానే షికారు ముగిస్తే, షికారు కోసం పని ఆపుకోవడం నేర్చుకుంటాడు.

రెంటికి వెళ్ళినదానిని కవరులో ఎత్తి చెత్తబుట్టలో వేస్తున్నాము. అపార్ట్‌మెంటులో ఒకరిద్దరికి అభ్యంతరం ఉంది. కుక్కను పెంచుకోవడాన్ని నివాసుల సంఘాలు నిషేధించలేవని జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా నేను ఆ కాగితం పట్టుకుని వెళ్ళలేదు. మెట్ల మీద చుక్క పడినా మేమే కడుగుతామని చెప్పి, కడుగుతున్నాము.

ఆగస్టు 25, ఆదివారం

పదకొండు రోజులుగా ఇంట్లో ఒక్కసారి కూడా జరగలేదు. గడ్డి మూత్రంలోని యూరియాకు మూడోసారి పసుపెక్కి ఎండిపోయింది. ఇక ట్రే అవసరం లేదనుకుని మట్టి దులిపి, కడిగి, డాబా మీద ట్యాంకు వెనక బోర్లించాము.

సెప్టెంబర్ 9, సోమవారం

ట్రే తీసేయడం ఎంత తొందరపాటో ఈ తొమ్మిది రోజులు నేర్పాయి. ఆ రోజుల్లో కరెంటు లేదు, రాయడానికి మనసూ లేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

సెప్టెంబర్ 1, ఆదివారం తెల్లవారేసరికి బుడమేరు వాగు నీళ్ళు మా వీధిలో ఉన్నాయి, మధ్యాహ్నానికి కింద పార్కింగు మునిగింది. రాగిని దింపడానికి మెట్ల దాకా వెళ్ళిన మా వారు తిరిగి వచ్చారు. వరద నీళ్ళలో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది, దాని నుంచి లెప్టోస్పైరోసిస్ మనుషులకూ కుక్కలకూ వస్తుంది. టీకా ఉన్నా వాడి కాలు ఆ నీళ్ళకు తగలనివ్వకూడదని అనుకున్నాము.

డాబా మీదకు తీసుకువెళ్ళాము. వాడు సిమెంటు మీద పోసుకోలేదు. మేమే కదా మట్టి మీద మాత్రమే అని నేర్పాము. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, ఎన్నిసార్లు తీసుకువెళ్ళినా మెట్ల వైపు లాగి, నీళ్ళు చూసి, మూలిగి, మా మొహాలు చూశాడు. పధ్నాలుగు గంటలు ఆపుకున్నాడు. పొత్తికడుపు చేతికి గట్టిగా తగులుతోంది. చీకటి పడ్డాక టార్చి వెలుగులో అత్తయ్య డాబా మీదకు వచ్చి తాము పెంచుకుంటున్న రెండు మందారం కుండీలను ఒక్కొక్కటిగా ట్రేలో బోర్లించారు. వేళ్ళతో సహా మొక్కలు పక్కన పడ్డాయి. "మొక్కలు మళ్ళీ నాటుకోవచ్చు" అని మట్టిని చేత్తో సర్ది, వానలో అలాగే నిలబడి ఆ శబ్దం చేశారు. రాగి మట్టి మీదకు ఎక్కి చాలాసేపు, ఒక నిమిషం పైనే, పోసుకున్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం వాన వల్ల అని నేను అనుకోలేదు.

నీళ్ళు మా వీధి వదలడానికి ఆరు రోజులు పట్టింది. పడవల్లోనూ డ్రోన్లతోనూ అందిన నీళ్ళ సీసాలు తాగడానికే చాలవు కాబట్టి డాబా మీద టబ్బుల్లో పట్టిన వాన నీళ్ళతో ట్రే చుట్టూ కడిగాము. రెంటికి వెళ్ళినదానిని పేపరులో చుట్టి మూత ఉన్న ఖాళీ పెయింటు బకెట్టులో పెట్టాము. ఒక్కటి కూడా వరద నీళ్ళలో వేయలేదు. వరద తగ్గాక వీధి అంతా బ్లీచింగ్ చల్లారు. బయటకు వెళ్ళి వచ్చిన ప్రతిసారీ వాడి పాదాలు కడుగుతున్నాము.

ట్రే ఇక బాల్కనీలో శాశ్వతంగా ఉంటుంది. వారానికి రెండుసార్లు, కింద వీలున్నా సరే, ట్రే మీదే పోయించి అలవాటు నిలబెట్టాలి.

సెప్టెంబర్ 27, శుక్రవారం

నాలుగు రోజులుగా గంటకోసారి కొద్దికొద్దిగా, పడుకున్న చోట కూడా చుక్కలు. ఎక్కువగా నాక్కుంటున్నాడు. అలవాటైన కుక్క హఠాత్తుగా తప్పితే ముందు ఆసుపత్రి, తరవాతే శిక్షణ. మూత్రం పరీక్షలో ఇన్ఫెక్షన్ ఉందని తేలి యాంటీబయాటిక్ రాశారు. మొదటి రోజు "మళ్ళీ మొదలుపెట్టాడు" అని విసుక్కున్నందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది.

అక్టోబర్ 20, ఆదివారం

మందుతో తగ్గింది, కానీ కొత్తది వచ్చింది. ఆరున్నర నెలల వయసు, కాలు ఎత్తడం మొదలైంది. ఫ్రిజ్ మూలకు, గ్యాస్ సిలిండరుకు చెంచాడు చెంచాడు కొడుతున్నాడు. ఇది ఆపుకోలేకపోవడం కాదు, తన వాసన గుర్తు పెట్టడం. అతినీలలోహిత టార్చి తెచ్చి లైట్లు ఆర్పి చూస్తే ఎండిన మరకలు మెరిశాయి. మాకు తెలిసినవి రెండు, కనిపించినవి ఐదు. ఐదో మరక దేవుడి గది తలుపు కింది చెక్క మీద ఉంది. అత్తయ్యను పిలిచి చూపించాను, దాచడం సరికాదనిపించింది. ఆవిడ ఏమీ అనకుండా పసుపునీళ్ళు తెచ్చారు. ముందు ఎంజైమ్ క్లీనరు, ఆరాక పసుపునీళ్ళు అని ఇద్దరం ఒప్పుకున్నాము. వడ్రంగి చేత గడపకు రెండడుగుల ప్లైవుడ్ గేటు పెట్టించాము. ఇంట్లో ఉన్నప్పుడు తేలికపాటి తాడు ఒక కొస వాడి పట్టీకి, మరో కొస నా నడుముకు కట్టుకుంటున్నాను. కాలు లేవబోతే చప్పట్లు కొట్టి బాల్కనీకి తీసుకువెళ్ళగలుగుతున్నాను.

నవంబర్ 3, ఆదివారం

దీపావళి అక్టోబర్ 31న గడిచింది. సాయంత్రం నాలుగున్నరకే కిందికి తీసుకువెళ్ళి వచ్చి, లోపలి పడకగది కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్యాను, టీవీ పెట్టి, అబ్బాయి ఈ సంవత్సరం టపాకాయలు మానేసి వాడి పక్కనే కూర్చున్నాడు. తొమ్మిదికి పెద్ద బాంబు పేలినప్పుడు కొత్త దుప్పటి మీద ఒంటికీ రెంటికీ కూడా అయింది. భయానికి అయినదానిని నోటుపుస్తకంలో వేరే గుర్తుతో రాశాను, అలవాటు లెక్కలో కలపలేదు.

డిసెంబర్ 22, ఆదివారం

నవంబర్ మూడో వారంలో రాగికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాము. గుర్తు పెట్టడం చాలా మగ కుక్కల్లో తగ్గుతుందని, అన్నిటిలోనూ కాదని డాక్టరుగారు ముందే చెప్పారు. మా దగ్గర వారానికి తొమ్మిది నుంచి ఒకటికి వచ్చింది. వీధి తలుపు గొళ్ళేనికి అబ్బాయి ఒక మువ్వల పట్టీ కట్టాడు. దింపే ముందు ప్రతిసారీ వాడి మూతితో దానిని తాకించి తలుపు తీస్తున్నాము. పన్నెండో రోజున వాడే వచ్చి కొట్టాడు. అప్పటి నుంచి నోటుపుస్తకం చూసి వేళ మేము గుర్తు చేసుకోనక్కరలేదు, వాడే చెబుతున్నాడు.

2025 జనవరి 11, శనివారం

సోమవారం భోగి. రేపు ఉదయం అందరం గుడివాడ దగ్గర అత్తయ్య పుట్టింటికి వెళ్తున్నాము. కొత్త ఇల్లు, కొత్త వాసనలు, భోగిమంటలు, ఆ ఇంట్లో ఇంకో కుక్క. వెళ్ళగానే లోపలికి వదలకుండా ముందు పెరట్లో తాడుతో తిప్పాలి, మొదటి రెండు రోజులు గంటన్నర వేళలకు తిరిగి వెళ్ళాలి. సంచిలో ఎంజైమ్ క్లీనరు, పాత పేపర్లు, గుడ్డు ముక్కల డబ్బా, మువ్వల పట్టీ పెట్టాను. ట్రే ఆటో వెనక పడుతుందో లేదో మా వారు టేపుతో కొలిచారు, పడుతుంది. గడ్డి పాతదే ఉంచుతున్నాము, వాడి వాసన ఉన్నది అదే కాబట్టి. నోటుపుస్తకంలో ఇంకా పద్దెనిమిది కాగితాలు మిగిలి ఉన్నాయి.